ఇసుక బస్తాల ఊరి సిపాయిలు



1915 సెప్టెంబర్ 25, శనివారం. ఉత్తర ఫ్రాన్స్‌లో న్యూవ్ షపెల్ అనే పల్లెకి దగ్గర్లో తెల్లవారుజాము చినుకుల్లో ఒక స్కాట్లండ్ బెటాలియన్ కందకాలు దాటి జర్మన్ల మీదికి నడిచింది. అందులో 20 మంది ఆఫీసర్లు, సుమారు 420 మంది సిపాయిలు. ఆ రోజు పోరు ముగిసేసరికి 19 మంది ఆఫీసర్లు, 230 మంది సిపాయిలు చనిపోవడమో గాయపడటమో జరిగింది. ఆ బెటాలియన్ పేరు బ్లాక్ వాచ్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్. పేరులోనే బ్రాకెట్లో సిటీ ఆఫ్ డండీ అని ఉంటుంది. ఆ ఊరివాళ్ళు దాన్ని ‘మా డండీ పటాలం’ అనేవారు.

ఆ 420 మందిలో ఒక్కడి గురించి తెలుసుకోవాలనుకుందాం. జనరల్ కాదు, పతకాలు అందుకున్న వీరుడూ కాదు, మామూలు సిపాయి. మన చేతిలో ఉన్నది ఒక పేరు మాత్రమే. ఎక్కడ మొదలుపెడతాం?

చాలామంది సైన్యం కాగితాలతో మొదలుపెడతారు. సహజమే. మొదటి దెబ్బ కూడా అక్కడే తగులుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన బ్రిటిష్ సిపాయిల సర్వీసు ఫైళ్ళు లండన్‌లో, వాల్‌వర్త్ ప్రాంతంలోని ఒక గిడ్డంగిలో ఉండేవి. 1940 సెప్టెంబర్‌లో జర్మన్ విమానాల బాంబులకి ఆ గిడ్డంగి తగలబడింది. ఒక యుద్ధం రాయించిన కాగితాలని తర్వాతి యుద్ధం కాల్చేసింది. సగం కంటే ఎక్కువ ఫైళ్ళు బూడిదయ్యాయి. మిగిలినవాటిలో కూడా చాలావాటి అంచులు కాలిపోయి, నీళ్ళకి నాని, సిరా చెదిరి ఉంటాయి. పరిశోధకులు వాటిని ‘కాలిన కాగితాలు’ అనే పిలుస్తారు. మీరు వెతికే మనిషి ఫైలు అందులో ఉంటే అదృష్టం. లేకపోవడమే ఎక్కువ.

మిగిలింది మెడల్ కార్డు. యుద్ధంలో విదేశానికి వెళ్ళిన ప్రతి సిపాయికీ పతకం ఇవ్వాలి కాబట్టి గుమాస్తాలు ఒక చిన్న కార్డు రాశారు. పేరు, రెజిమెంట్, నంబరు, ఏ రణరంగంలో ఏ తేదీన అడుగుపెట్టాడు, అంతే. వయసు ఉండదు, ఊరు ఉండదు, తల్లిదండ్రుల పేర్లు ఉండవు. కానీ ఆ నంబరుని తేలిగ్గా తీసుకోకూడదు. డండీ పటాలం టెరిటోరియల్ ఫోర్సులో భాగం. అంటే వారమంతా ఏదో పని చేసుకుంటూ, సాయంత్రాలూ సెలవు రోజులూ కవాతు నేర్చుకునే స్థానిక దళం. వీళ్ళకి మొదట్లో చిన్న నంబర్లు ఉండేవి. 1917 మొదట్లో టెరిటోరియల్ సిపాయిలందరికీ ఆరంకెల నంబర్లు కొత్తగా ఇచ్చారు. కార్డు మీద చిన్న నంబరు పక్కన ఆరంకెల నంబరు కూడా కనిపించిందంటే ఒక సంగతి ఖాయం: ఆ మనిషి 1917 దాకా సైన్యం లెక్కలో ఉన్నాడు. ఆ శనివారం ఉదయం అతన్ని పూర్తిగా మింగలేదు. చిన్న నంబరు ఒక్కటే ఉంటే మనసు కొంచెం గట్టి చేసుకుని ముందుకు వెళ్ళాలి.

ఇక బెటాలియన్ వార్ డైరీ. ప్రతి బెటాలియన్ రోజువారీ వివరాలు రాసి పెట్టాలన్నది నిబంధన. కందకంలో కూర్చుని పెన్సిల్‌తో రాసిన డైరీలు అవి. ఎంత ఆశతో తెరుస్తామో అంత నిరాశపరుస్తాయి. ఆఫీసరు చనిపోతే పేరు రాస్తారు. సిపాయిలు చనిపోతే సంఖ్య రాస్తారు. ‘ఇతర ర్యాంకులు, ఇంతమంది’ అని. మనం వెతికేవాడు ఆ సంఖ్యలో ఒక ఒకటి. సైన్యం తన మనుషులని ఎలా గుర్తుపెట్టుకుంటుందో ఆ పేజీ చూస్తే తెలిసిపోతుంది. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు, డైరీ ఉన్నది మరుసటి రోజుకి ఎంతమంది మిగిలారో లెక్క చూసుకోవడానికి. కాకపోతే మన పనికి అది చాలదు.

అందుకే, నా ఉద్దేశంలో ఇలాంటి పరిశోధన రెజిమెంట్ దగ్గర మొదలవకూడదు. ఊరి దగ్గర మొదలవ్వాలి.

డండీ ఎలాంటి ఊరు? స్కాట్లండ్ తూర్పు తీరంలో, టే నది సముద్రంలో కలిసేచోట ఉన్న రేవు పట్నం. ఆ ఊరి గొంతు నిండా జనపనార దుమ్ము. బెంగాల్లో పండిన జనపనార ఓడల్లో డండీకి వెళ్ళి గోనెగుడ్డగా మారేది. లాకీ అనే పేటలో ఉన్న క్యాంపర్‌డౌన్ వర్క్స్ ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద జనపనార మిల్లు. ఆ మిల్లుల్లో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ. కుర్రాళ్ళని చిన్న జీతానికి పెట్టుకుని, పద్దెనిమిదేళ్ళు నిండి పెద్దవాళ్ళ జీతం ఇవ్వాల్సిన రోజు రాగానే బయటికి పంపేవారు. భార్య మిల్లుకి వెళ్తే భర్త ఇంట్లో పొయ్యి చూసుకునే ఊరు అది. అలాంటి మగవాళ్ళకి అక్కడ ఒక ఎగతాళి పేరు కూడా ఉండేది, కెటిల్ బాయిలర్లు అని, టీ నీళ్ళు కాచేవాళ్ళని.

ఇప్పుడు ఆ సిపాయి వైపు మళ్ళీ చూడండి. అతను స్వచ్ఛందంగా చేరాడు, బలవంతం లేదు. 1916 దాకా బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ చట్టమే రాలేదు. పైగా టెరిటోరియల్ దళంలో చేరినవాడు దేశం దాటి వెళ్ళక్కర్లేదు, దానికి విడిగా ఒప్పుకుని సంతకం పెట్టాలి. అంటే ఒక రకంగా రెండుసార్లు ముందుకొచ్చిన మనుషులు. దేశభక్తి ఉంది, కాదనను. స్నేహితులందరూ వెళ్తుంటే వీధిలో ఒంటరిగా మిగలలేకపోవడం కూడా ఉంది. కానీ పద్దెనిమిదేళ్ళకే ఉద్యోగం ఊడిన కుర్రాడికి వారం వారం చేతికొచ్చే జీతం, కాళ్ళకి బూట్లు, ఇంటి దగ్గర భార్యకి భత్యం వస్తాయంటే వాటి మాటేమిటి? ఆ కాలపు నాయకుల ఉపన్యాసాలు చదివితే ఈ సంగతి దొరకదు. అతని చిరునామా, అతని తండ్రి పని, అతని చెల్లెలు ఏ మిల్లులో నూలు వడికేదో తెలిస్తే దొరుకుతుంది.

ఈ విషయంలో స్కాట్లండ్ పరిశోధకుడు అదృష్టవంతుడు. అక్కడ 1855 నుంచి జననం, వివాహం, మరణం తప్పనిసరిగా నమోదవుతున్నాయి. బిడ్డ పుట్టిన పత్రంలో తల్లి పుట్టింటి పేరు ఉంటుంది. జనాభా లెక్కల్లో ఆ ఇంట్లో కిటికీ ఉన్న గదులు ఎన్నో కూడా రాశారు. ఒక కిటికీ గదిలో ఎనిమిదిమంది ఉన్న ఇంటి నుంచి వచ్చిన సిపాయి కనిపించాడంటే, సైనిక శిబిరంలో అతను కష్టపడ్డాడా సుఖపడ్డాడా అన్న ప్రశ్నకి మన జవాబు మారిపోతుంది.

తర్వాత డబ్బు కాగితాలు. నా మటుకు నాకు, అన్నిటికంటే ఎక్కువ మాట్లాడేవి ఇవే. చనిపోయిన సిపాయికి రావలసిన జీతం బకాయి, ఆ తర్వాత ఇచ్చిన యుద్ధ గ్రాట్యుటీ, అవి ఎవరి చేతికి ఇచ్చారు అని రాసిన రిజిస్టర్లు మిగిలాయి. కొన్ని పౌండ్లు, కొన్ని షిల్లింగులు, కొన్ని పెన్నీలు. తల్లికి ఇచ్చారా, భార్యకి ఇచ్చారా, లేక అక్కకి ఇచ్చారా? అక్కకి అని ఉంటే ఆ ఇంట్లో అమ్మ లేదేమో అని వెతుక్కోవచ్చు. గ్రాట్యుటీ సర్వీసు కాలాన్ని బట్టి ఇచ్చేవారు కాబట్టి, ఫైలు కాలిపోయినా ఆ మొత్తాన్ని వెనక్కి లెక్కగట్టి అతను ఏ నెలలో చేరాడో దాదాపుగా చెప్పవచ్చు. లండన్‌లో తగలబడిన సంగతిని ఒక గుమాస్తా కూడికల్లోంచి వెనక్కి రాబట్టడం అన్నమాట. అలాగే సిపాయిల వీలునామాలు. పే బుక్కులోనే ఒక పేజీ దానికోసం ఉండేది. ‘నా ఆస్తి అంతా మా అమ్మకి’ అన్న ఒక్క వాక్యం, కింద సంతకం. ఆస్తి అంటే ఏముంటుంది వాడికి! స్కాట్లండ్ జాతీయ భాండాగారంలో మొదటి యుద్ధం నాటివి ఇలాంటివి 26 వేల దాకా భద్రంగా ఉన్నాయి.

ఇక డండీకి ఉన్న ప్రత్యేకత పత్రికలు. మూడు జే అక్షరాల ఊరని దానికి పేరు: జ్యూట్, జామ్, జర్నలిజం. కూరియర్, అడ్వర్టైజర్, ఈవెనింగ్ టెలిగ్రాఫ్, పీపుల్స్ జర్నల్, ఇన్ని పత్రికలు అక్కడి నుంచే వచ్చేవి. యుద్ధం మొదలవగానే ఆ పత్రికల్లో పనిచేసే కొందరు విలేఖరులు తామే నాలుగో బెటాలియన్లో మామూలు సిపాయిలుగా చేరారు. పీపుల్స్ జర్నల్ సంపాదకుడు జోసెఫ్ లీ అప్పటికే నలభయ్యవ పడికి దగ్గరపడ్డ మనిషి. కవి, చిత్రకారుడు. కందకాల్లో కూర్చుని పద్యాలు రాశాడు, బొమ్మలు గీశాడు. 1916లో అవి పుస్తకంగా వచ్చాయి. తర్వాత ఆఫీసరై, 1917లో జర్మన్లకి పట్టుబడి, ఖైదు అనుభవం మీద ఇంకో పుస్తకం రాశాడు. ఆయన కాగితాలు ఇప్పటికీ డండీ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. డండీ అడ్వర్టైజర్ న్యూస్ ఎడిటర్ లింటన్ ఆండ్రూస్ కూడా ఇదే బెటాలియన్. బతికి వచ్చి, 1930లో ఆ రోజుల గురించి పుస్తకం రాశాడు.

రోజూ వార్తలు రాసేవాళ్ళే తుపాకులు పట్టుకున్నారు కాబట్టి, ఈ బెటాలియన్ గురించి మిగిలినంత రాత మరో బెటాలియన్ గురించి మిగలడం అరుదు. అంతకంటే పెద్ద సంగతి, ఆ ఊరి పత్రికలు చనిపోయిన మామూలు సిపాయిల ఫొటోలూ, వీధి పేర్లూ, పనిచేసిన మిల్లు పేర్లూ వరసగా అచ్చువేశాయి. సైన్యం డైరీలో ఒక సంఖ్యగా పోయినవాడు ఊరి పత్రికలో ముఖంగా తిరిగొచ్చాడు. సెప్టెంబర్ 25 తర్వాతి వారాల సంచికలు తిరగేస్తే పేజీల నిండా తపాలా బిళ్ళలంత ముఖాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చనిపోయినవాడి తల్లికి ఆఫీసరో స్నేహితుడో రాసిన ఉత్తరాలు పత్రికలు వేసేవి. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ అతను క్షణంలో పోయాడు, బాధ తెలియలేదు, అందరికీ ఇష్టమైనవాడు అనే ఉంటుంది. తల్లికి ఇంకేం రాస్తారు? ఆ వాక్యాలని మర్యాదగా పక్కన పెట్టి, అదే ఉత్తరంలో పొరపాటున దొర్లిన ఊరి పేరునీ తేదీనీ పట్టుకోవాలి. ఇంకో జాగ్రత్త: డండీ కుర్రాడు కాబట్టి నాలుగో బెటాలియన్లోనే ఉంటాడని అనుకోవద్దు. అదే రోజు, కొంచెం దక్షిణంగా జరిగిన అసలు లూస్ యుద్ధంలో బ్లాక్ వాచ్ కొత్త బెటాలియన్లు కూడా ఉన్నాయి. వాటిలోనూ ఆ ఊరి పిల్లలున్నారు. శవం దొరకనివాళ్ళ పేర్లు చెక్కిన గోడలు కూడా రెండు. సెప్టెంబర్ 24 దాకా గల్లంతైనవాడు ల టురే స్మారకం మీద ఉంటాడు. 25న గల్లంతైతే లూస్ స్మారకం మీదికి వెళ్తాడు. ఒక్క రోజు తేడాతో గల్లంతైన అన్నదమ్ములని వెతకాలంటే రెండు ఊళ్ళు తిరగాలి.

సరే, అసలు ఆ ఉదయం ఏం జరిగింది? లూస్ దగ్గర పెద్ద దాడి. అక్కడికి జర్మన్లు అదనపు బలగాలు పంపకుండా, ఉత్తరాన ఇక్కడ దృష్టి మళ్ళించే దాడి. డండీ పటాలం ముందు వరసలో ఉన్న జర్మన్ కందకాలని దాటేసింది. ఇంకా ముందుకు, పియెత్ర్ మిల్లు అనే చోటు వైపు పోయింది. పక్కనున్న దళాలు ముళ్ళకంచె దగ్గర ఆగిపోవడంతో వీళ్ళ పక్కలు ఖాళీ అయ్యాయి. జర్మన్లు పక్కల నుంచి తిరగబడ్డారు. మధ్యాహ్నానికల్లా మిగిలినవాళ్ళు బయలుదేరిన చోటికే వెనక్కి వచ్చారు. కమాండింగ్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కర్నల్ హ్యారీ వాకర్ కూడా ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆయనది జనపనార మిల్లుల యజమానుల కుటుంబం. మిల్లు యజమానీ, మిల్లు కూలీ కొడుకూ ఒకే చోట పడిపోయారని ఊరు చెప్పుకుంది. తర్వాత 1916లో ఈ బెటాలియన్ని ఐదో బెటాలియన్‌తో కలిపేశారు. విడిగా నిలబెట్టడానికి మనుషులు లేరు.

ఇంతవరకూ చెప్పని సంగతి ఒకటుంది. ఈ డండీ పటాలం ఏ బ్రిగేడ్‌లో ఉందో తెలుసా? బరేలీ బ్రిగేడ్. మీరట్ డివిజన్, భారత సైన్యం. 1914లో ఫ్రాన్స్‌కి వెళ్ళిన భారతీయ దళాలకి తోడుగా కొన్ని స్కాట్లండ్ టెరిటోరియల్ బెటాలియన్లని కలిపారు. కాబట్టి ఆ శనివారం ఉదయం, అదే బ్రిగేడ్‌లో, కిల్ట్ కట్టిన డండీ కుర్రాళ్ళతో పాటు తలపాగాల సిపాయిలు కూడా ముందుకు నడిచారు. వాళ్ళలో 69వ పంజాబీ రెజిమెంట్ ఒకటి. పేరు పంజాబీ అయినా అది ఒకప్పటి 9వ మద్రాసు పదాతి దళం. కోరమాండల్ తీరంలో ఈస్టిండియా కంపెనీ వాళ్ళు పద్దెనిమిదో శతాబ్దంలో పెట్టిన సిపాయిల పటాలం, తమిళులూ తెలుగువాళ్ళూ ముసల్మానులూ పనిచేసినది. దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారు, వీరజాతులు ఉత్తరానే ఉన్నాయన్న సిద్ధాంతం ముదిరాక, 1903లో నంబరు మార్చి, పేరు మార్చి, మనుషులని కూడా మార్చారు. అందుకే ఆ దళంలో ఆ ఉదయం మనవాళ్ళు ఉండి ఉంటారని చెప్పలేం. మనవాళ్ళని తీసేశాక మిగిలిన దళం అది.

డండీతో మన సంబంధం ఇంకో దారిలో ఉంది. కందకాల గోడలు నిలబడింది ఇసుక బస్తాల మీద. ఆ బస్తాల కోసం డండీకీ కలకత్తాకీ వచ్చిన ఆర్డర్లకి అంతు లేదు. యుద్ధకాలంలో మిల్లు యజమానులు బాగా గడించారు. కలకత్తా పక్కన హుగ్లీ ఒడ్డున ఉన్న మిల్లులకి యంత్రాలు డండీ నుంచి వచ్చాయి, మేనేజర్లు డండీ నుంచి వచ్చారు, కూలీలు బీహారు నుంచీ ఒరిస్సా నుంచీ మన గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచీ వెళ్ళారు. శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళ జ్ఞాపకాల్లో ఆ కలకత్తా జ్యూట్ మిల్లులు ఇప్పటికీ ఉన్నాయి. లాకీ పేట కుర్రాడు తల దాచుకున్న బస్తా అతని చెల్లెలు కుట్టిందో, మన పలాస మనిషి నేసిందో ఏ రికార్డూ చెప్పదు.

ఆ బ్రిగేడ్‌లోని భారతీయ సిపాయి గురించి ఇదే పరిశోధన చేయబోతే ఏమవుతుంది? డండీ కుర్రాడికి ఉన్న పుట్టిన పత్రం ఇతనికి లేదు. ఇతని ఊరికి దినపత్రిక లేదు, ఫొటో అచ్చువేసేవాళ్ళు లేరు. ఇతని ఉత్తరాలు కొన్ని మిగిలాయి, అదీ సెన్సారు ఆఫీసు పుణ్యమా అని. సిపాయిల మనసులో ఏముందో ప్రభుత్వం తెలుసుకోవాలనుకుని, వాటిలో కొన్నిటిని ఇంగ్లీషులోకి మార్పించి, భాగాలు నకలు తీయించి పెట్టింది. అనుమానంతో దాచిన కాగితాలే ఇవాళ చరిత్రకారులకి ఆధారం. ఫ్రాన్స్‌లో న్యూవ్ షపెల్ దగ్గర 1927లో కట్టిన స్మారకం మీద శవాలు దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు ఉన్నాయి. ఫ్రాన్స్‌లో పోయినవాళ్ళకి కనీసం పేరు దక్కింది. మెసపొటేమియాలో, ఇవాళ్టి ఇరాక్‌లో, పోయిన మామూలు భారతీయ సిపాయిలకి బస్రా స్మారకం మీద అదీ లేదు. అక్కడ బ్రిటిష్ సిపాయిల పేర్లు చెక్కారు, మనవాళ్ళలో అధికారుల పేర్లు చెక్కారు, మిగిలినవాళ్ళకి సంఖ్య రాశారు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ 2021లో తన నివేదికలోనే ఈ వివక్షని ఒప్పుకుంది. మన మద్రాస్ సాపర్లు, అంటే వంతెనలు కట్టే, కందకాలు తవ్వే ఇంజనీరింగ్ దళం వాళ్ళు, ఎక్కువగా పనిచేసింది ఆ మెసపొటేమియాలోనే.

యుద్ధం అయ్యాక మద్రాసు ప్రెసిడెన్సీలో కొన్ని ఊళ్ళలో ప్రభుత్వం చిన్న రాతి పలకలు పెట్టించింది. ఈ ఊరి నుంచి మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని ఉంటుంది వాటి మీద. పేర్లు ఉండవు. వార్ డైరీలో ఉన్నట్టే రాతి మీద కూడా అంకెలే. డండీలో ఆ అంకెని పేర్లుగా మార్చింది సైన్యం కాదని ఇందాక చూశాం. మిల్లూ, చర్చీ, బడీ, పత్రికా కలిసి చేశాయి ఆ పని. మన దగ్గర ఆ పని చేసినవాళ్ళు తక్కువ. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం లాంటి ఊళ్ళు అరుదు, దాన్ని మిలటరీ మాధవరం అంటారు, అక్కడ ఊరే గుర్తుపెట్టుకుంది, స్మారకం కట్టుకుంది.

ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో ఎవరింట్లోనైనా ముత్తాత ‘జర్మనీ యుద్ధానికి’ వెళ్ళాడన్న మాట మిగిలి ఉంటే, ఏం చేయవచ్చో చెబుతాను. ఆయన యుద్ధంలో చనిపోయి ఉంటే, వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళ జాబితా ఇప్పుడు ఉచితంగా అందుబాటులో ఉంది. మన సిపాయిల వివరాల్లో చాలాచోట్ల ఇంటిపేరు ఉండదు. ఉన్నా, దానినే అసలు పేరనుకుని రాసుంటారు. కాబట్టి మనిషి పేరుతో కాకుండా, తండ్రి పేరుతోనూ ఊరి పేరుతోనూ వెతకండి. జిల్లా పేరు అప్పటిది వాడాలి, శ్రీకాకుళం అంటే దొరకదు, గంజాం అనో వైజాగపటం అనో చూడాలి. కాకినాడ కొకనాడాగా ఉంటుంది, ఏలూరు ఎల్లోర్‌గా ఉంటుంది, విజయవాడ బెజవాడగా ఉంటుంది. వెంకటస్వామి అన్న పేరుని గుమాస్తాలు ఎన్ని రకాలుగా రాయగలరో అన్ని రకాలుగానూ రాశారు, ఒక్క స్పెల్లింగుతో ఆగిపోవద్దు. అంతకన్నా ముందు, ఇంట్లో అందరికంటే పెద్దావిడని అడగండి, ఆయన పోయాక పింఛను ఎవరి పేరున వచ్చేదని. పింఛను పుస్తకం అటక మీద దొరికితే రెజిమెంటూ నంబరూ అందులోనే ఉంటాయి.